లోక్‌తాక్ సరస్సు – తేలెడి వనము

మన గంజాము జిల్లా తెలుగు కుటుంబములలో చిలికా సరస్సును చూడనివారు తక్కువ. రంభ యొద్దనో, బార్కూలు యొద్దనో పడవ నెక్కి, దీవుల చుట్టు తిరిగి, ఒడ్డున గవ్వలదండ యొకటి కొని యింటికి వచ్చుట మనకు పరిపాటి. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది మరియొక సరస్సును గూర్చి. చిలికా నీరు ఉప్పన. ఆ సరస్సు నీరు తియ్యన. చిలికాలో పడవలు తేలును. ఆ సరస్సులో పడవలతో పాటు నేలయు తేలును. ఆ తేలెడి నేలమీద జింకలు మేయుచున్నవి. ప్రభుత్వము ఆ భాగమును జాతీయోద్యానముగ ప్రకటించి కాపాడుచున్నది. ఉద్యానమనగా పూలతోట యని మన పిల్లలు భ్రమపడరాదు. అది రెల్లు, తుంగ, బురద, నీరు గల చిత్తడి యడవి. నీటిపై తేలెడి జాతీయోద్యానము ప్రపంచమున వేరొకటి లేదని చెప్పుదురు.

సరస్సు పేరు లోక్‌తాక్. ఉద్యానము పేరు కైబుల్ లామ్‌జావో. ఇవి మణిపుర రాష్ట్రమున, ఇంఫాలు నగరమునకు దక్షిణముగ సుమారు 45 కిలోమీటర్ల దూరముననున్న మొయిరాంగ్ పట్టణము చెంత గలవు. 'లోక్' అనగా వాగు, 'తాక్' అనగా కొస. వాగులు వచ్చి ముగియు చోటు లోక్‌తాక్. చుట్టును కొండలు, నడుమ లోయ, లోయ యడుగున సరస్సు. సముద్రమట్టమునకు సుమారు 768 మీటర్ల యెత్తు. కర్కటరేఖకు కొంచెము ఉత్తరమున నుండుటచే అచట మన తీరమునందలి యుక్క లేదు. హిమాలయముల మంచును లేదు. ఇట్టి సీమను భూగోళ పాఠములలో ఉపోష్ణమండల మందురు. వానకాలమున మాత్రము వాన మనకంటె తక్కువేమియు కాదు.

తేలెడి నేల యెట్లు పుట్టినది? మన చెరువులలో గుర్రపుడెక్క కమ్ముకొనుట అందఱును చూచినదే. అది చచ్చి, కుళ్లి, దానిపై గడ్డి మొలిచి, గాలి తెచ్చిన దుమ్ము, వాగు తెచ్చిన మన్ను అందు చిక్కుకొని, మరల గడ్డి మొలిచి, వేళ్లు ఒకదానితో నొకటి పెనగొని, ఏండ్లు గడచినకొలది దట్టమైన తెప్ప యైనదనుకొనుడు. అట్టి తెప్పను మణిపురమువారు 'ఫుమ్‌డీ' యందురు. కొన్నిచోట్ల అది జానెడు మందము మాత్రముండును. కొన్నిచోట్ల రెండు మీటర్ల వఱకు నుండును. ఆ మందములో అయిదింట నాలుగు పాళ్లు నీటిలో మునిగియుండును; ఒక పాలు మాత్రమే పైకి కనబడును. అనుభవము లేనివాడు దానిపై కాలు మోపినచో అడుగు క్రింద నేల పరుపువలె క్రుంగును. సరస్సునందు ఇట్టి తెప్పలు చెల్లాచెదరుగ పెక్కు గలవు. ఆగ్నేయ దిశను అవి కలిసి యేకమై విశాలమైన మైదానమువలె నున్నవి. అదియే కైబుల్ లామ్‌జావో. దాని వైశాల్యము 40 చదరపు కిలోమీటర్లు.

ఈ తెప్ప ప్రాణమున్న వస్తువు. దానికి ఆకలి గలదు. వానలు కురిసి నీరు పెరిగినప్పుడు తెప్పయు నీటితోపాటు పైకి లేచును. వానలు వెనుదీసిన పిమ్మట సరస్సునందలి నీరు ఖోర్దాక్ కాలువ గుండ మణిపుర నదిలోనికి దిగిపోవును. సరస్సు మట్టము తగ్గును. తెప్ప మెల్లమెల్లగ క్రిందికి దిగి సరస్సు అడుగున కూర్చుండును. అప్పుడు దాని వేళ్లు అడుగునందలి మంటిని అందుకొని సారమును పీల్చుకొనును. తిరిగి వానలు వచ్చునప్పటికి తెప్ప బలిసి లేచును. ఏటేట ఇట్లు దిగి లేచుటయే దాని భోజనము. ఈ యొక్క విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొన్నచో తరువాతి కథయంతయు సులభముగ బోధపడును.

ఆ తెప్పపై బ్రతుకునది సాంగై యను జింక. దాని కొమ్ము కనుబొమపై నుండి ముందునకు వంగి, వెనుకకు పోయి, రెండును కలిసి ఒకే వింటిబద్దవలె నుండును. మెత్తని నేలపై నడచునప్పుడు గిట్టలే గాక వాని వెనుకనున్న కాలిభాగమును నేలకానునట్లు అది అడుగు వేయును. అందుచే దాని నడక నాట్యమువలె తోచును; దానిని నాట్యమాడు జింక యని లోకము పిలుచుట కదియే కారణము. పరుగెత్తుచు నడుమ నిలిచి వెనుదిరిగి చూచు స్వభావమును బట్టి సాంగై యను పేరు కలిగినదని అచటివారు చెప్పుదురు. మణిపుర రాష్ట్రమునకది రాష్ట్రమృగము.

1951లో ఈ జింక జాతి యంతరించినదని ప్రకటించిరి. వేటయే ముఖ్యకారణము. 1953లో ఇ. పి. జీ యను ప్రకృతి పరిశీలకుడు కైబుల్ లామ్‌జావోలో కొన్ని మిగిలియున్నట్లు కనుగొనెను. 1975లో ఎం. కె. రంజిత్‌సింహ్ హెలికాప్టరునుండి చూచి లెక్కింపగా దొరకినవి పదునాలుగు మాత్రమే: అయిదు మగవి, ఆఱు ఆడువి, మూడు కూనలు. మన తరగతి గదిలో ఒక మూల కూర్చుండు పిల్లల సంఖ్య యది. ఒక జాతి యంతయు అంతే! 1977లో ఆ ప్రదేశమును జాతీయోద్యానముగ ప్రకటించిరి. కాపలా పెరిగినది, ఊరివారును పూనుకొనిరి. 2016 నాటి లెక్కలో జింకలు 260 తేలినవి. ఇది సంతోషింపదగిన సంగతియే. కాని యింటిలోని మనుష్యులు పెరుగుచుండగా ఇల్లు శిథిలమగుచున్నచో ఏమందుము?

1983లో మణిపుర నదిపై ఇథాయి యను చోట ఆనకట్ట తెరచిరి. సరస్సు నీటిని ఏడాది పొడుగున ఎత్తుమట్టమున నిలిపి, సొరంగము గుండ కొండ కావలకు త్రోసి, 105 మెగావాట్ల విద్యుచ్ఛక్తి తీయుట దాని యుద్దేశము. దీపములు వెలిగినవి. కాని సరస్సు వేసవిలో దిగుట మానినది. సరస్సు దిగనందున తెప్పయు దిగలేదు. తెప్ప దిగనందున వేళ్లకు మన్నందలేదు. ఆకలిగొన్న తెప్ప పలుచబడుచున్నది. పలుచని తెప్ప జింక బరువును మోయజాలదు. కాలు దిగబడిన జింక మునిగిపోవును. ఒడ్డున రైతుల వరిపొలములు నీటమునిగినవి. బర్మా దేశపు చింద్‌విన్ నదినుండి ఎదురీదివచ్చు పెంగ్బా యను చేపకు త్రోవ మూసికొనిపోయినది. ఆ చేప మణిపురమునకు రాష్ట్రమీనము. ఇప్పుడది పెంపకపు చెరువులలో మాత్రమే కానవచ్చును.

లోక్‌తాక్ మీద తెప్పలపైననే గుడిసెలు వేసికొని చేపలు పట్టు కుటుంబములును గలవు. తెప్పను వలయముగ కోసి, నడుమ చేపలను చేర్చి పట్టుట వారి పద్ధతి. సరస్సు పాడగుటకు వీరే కారణమని 2011 నవంబరులో అధికారులు వందలకొలది గుడిసెలను తొలగించి తగులబెట్టిరి. జాలరులవలన హాని లేదని మేమనము. కాని అడుగున తలుపు మూసి, పైన తేలుచున్నవానిని మాత్రము శిక్షించుట న్యాయమని మాకు తోపదు.

ఇచట చిలికా ప్రసక్తి మరల రావలసియున్నది. ప్రపంచమునందలి ముఖ్యమైన చిత్తడినేలలను గుర్తించు రామ్‌సార్ ఒప్పందము క్రింద, అపాయమున నున్నవాని కొక ప్రత్యేకమైన పట్టిక గలదు. 1993లో చిలికా, లోక్‌తాక్ రెండును ఆ పట్టిక కెక్కినవి. చిలికాకు సముద్రముతోడి ముఖద్వారము ఇసుక మేటలతో పూడిపోయి, ఉప్పు తగ్గి, కలుపు ప్రబలి, చేపలు క్షీణించుచుండెను. 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారమును త్రవ్విరి. నీరు ఆడినది, చేపలు వచ్చినవి. 2002లో చిలికా పేరును ఆ పట్టికనుండి తీసివేసిరి. లోక్‌తాక్ పేరు నేటికిని అందే యున్నది. చిలికాకు కావలసినది నీరు వచ్చు ద్వారము. లోక్‌తాక్‌కు కావలసినది నీరు దిగు ఋతువు. విద్యుత్తు వలదని యెవ్వరు ననలేరు. ఏటికొకసారి కొంతకాలము మట్టమును తగ్గింపుడని మాత్రమే సరస్సు నెఱిగినవారు కోరుచున్నారు.

ఇక చూడబోవువారి సంగతి. నవంబరునుండి మార్చి వఱకు అనుకూల కాలము. వానకాలమున రెల్లు ఏపుగ పెరిగి జింకలను కప్పివేయును. జింకలలో కొన్ని అప్పుడు ఉద్యానమునందలి పాబోత్, తోయా, చింగ్‌జావో యను గుట్టలపై తలదాచుకొనును. చలికాలమున ఉత్తరమునుండి బాతులును ఇతర పక్షులును వచ్చిచేరును. తెల్లవాఱిన వెంటనే, మరల సాయంకాలము, జింకలు మేతకు బయటికి వచ్చును. మధ్యాహ్నము పోయినవారికి రెల్లు తప్ప మరేమియు కనబడదు. కావున ముందునాటి రాత్రి మొయిరాంగ్‌లోనో దాపుననో బసచేసి తెల్లవారుజామున బయలుదేరుట మేలు. డిసెంబరు, జనవరి ఉదయములలో చలి గట్టిది. మన తీరమువారు పలుచని శాలువతో పోయినచో వణకవలసివచ్చును, ఉన్నిబట్టలు తప్పనిసరి.

గుట్టపైనున్న కావలి మంచె యెక్కి చూచుట మొదటి పని. మంచు విడుచుచుండగా పసుపుపచ్చని రెల్లు నడుమ గోధుమవన్నె చుక్కలు కదలును, అవియే సాంగైలు. దుర్భిణి యున్నచో కొమ్ముల వంపు తెలియును. లేనివారికి చుక్కలు మాత్రమే. దగ్గఱగ చూడగోరు పిల్లలను ఇంఫాలు చెంతనున్న జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోవుట మంచిది. అచట సాంగైలు గలవు. రెండవ పని, సన్నని పొడుగుపాటి పడవలో కాలువల వెంబడి పోవుట. పడవవాడు గడతో త్రోయుచుండును, చప్పుడుండదు. మనము చప్పుడు చేయకుండుటయే కష్టము! నలుబదిమంది పిల్లలు ఒక్కసారి కేకలు వేసినచో ఆ పూట జింక గాని, నీటికుక్క గాని, బాతు గాని దర్శనమీయదు. ఉపాధ్యాయులు పిల్లలను చిన్న జట్లుగ పంపుట యుక్తము. తెప్పమీద దిగి నడువవలెనను కోరిక అందఱికిని కలుగును. చోటెఱిగినవాడు వెంటలేక, అనుమతి లేక, దిగరాదు. పైకి గట్టిగ కనబడు చోటనే నడుము లోతు బురద యుండవచ్చును.

సరస్సులో సెంద్రా యను దిబ్బ గలదు. దానిపైనుండి చూచినచో జాలరుల వలయములు నీటిపై ఆకుపచ్చని గాజులవలె కనబడును. ఆ సాయంకాలపు చూపు కొఱకే పోవువారును గలరు. మొయిరాంగ్ పట్టణమును మన పిల్లలు తప్పక చూడవలెను. 1944 ఏప్రిల్ 14వ తేదీన ఆజాద్ హింద్ సేన అచట త్రివర్ణ పతాకము నెగురవేసినది. ఎగురవేసినవాడు కల్నలు షౌకత్ మాలిక్. సేనకు సంబంధించిన ప్రదర్శనశాలయు ఆ చోటనే గలదు.

మణిపురమునకు పోవు ఇతర రాష్ట్రములవారికి 2020 జనవరి 1వ తేదీ మొదలు అనుమతి పత్రము అవసరము. గుర్తింపు పత్రము, ఛాయాచిత్రము చూపి ఇంఫాలు విమానాశ్రయముననే దానిని పొందవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. 2023 మే 3వ తేదీన ఆ రాష్ట్రమున మొదలైన కలహములలో ఎందఱో ప్రాణములు కోల్పోయిరి. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచినవి. మొయిరాంగ్ సీమయు ఆ బాధకు దూరముగ లేదు. కావున తల్లిదండ్రులు గాని, పాఠశాలలు గాని ప్రయాణము తలపెట్టునప్పుడు అప్పటి పరిస్థితిని అధికారులవలన తెలిసికొన్న పిమ్మటనే బయలుదేరవలెను. సందేహమున్నచో ఆగుట మంచిది.

కొనుగోలు మాట యెత్తగనే ఇంఫాలు నడిబొడ్డుననున్న 'ఇమా కైథెల్' చెప్పుకొనవలెను. 'ఇమా' యనగా అమ్మ, 'కైథెల్' అనగా అంగడి. అమ్మల అంగడి! అచట అమ్మువారందఱును స్త్రీలే. వేలకొలది అమ్మలు ఎత్తైన అరుగులపై వరుసలు తీరి కూర్చుందురు. తల్లి కూర్చున్న చోటు తరువాత కూతురికో, కోడలికో వచ్చును. వీరు బేరమాడుట మాత్రమే నేర్చినవారు కారు. 1904లో వెట్టిచాకిరికి ఎదురుగను, 1939లో కఱవు వేళ బియ్యపు ఎగుమతికి ఎదురుగను తెల్లదొరతనముపై మణిపుర స్త్రీలు లేచిరి. ఆ పోరాటములను 'నుపీ లాన్' అనగా స్త్రీల యుద్ధము అని పిలుతురు. ఆ తల్లులతో బేరమాడునప్పుడు మర్యాద తప్పరాదు. 'ఇమా' యని పిలిచినచో చాలును. మన 'అమ్మా'కు అది యెంత దూరము?

అంగడిలో పలకలపై కనబడు లిపిని పిల్లలు శ్రద్ధగ చూడవలెను. అది మెయితెయి లిపి. పదునెనిమిదవ శతాబ్దమున అది మరుగుపడి, చిరకాలము ఆ భాషను బెంగాలీ లిపిలోనే వ్రాయుచు వచ్చిరి. 1992లో ఆ భాష రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. 2005-06 ప్రాంతమున పాత లిపిని పాఠశాలలలో మొదటి తరగతినుండి తిరిగి నేర్పసాగిరి. తాతకు రాని అక్షరములను మనుమడు చదివి వినిపించుట అచట వింత కాదు. ఒడియా నడుమ తెలుగు బడి నడుపుకొను మనకు ఈ సంగతి కొంచెము ఎక్కువగ తాకును.

ఏమి కొనవలెను? మా మాట వినువారు మొదట కౌనా చాప కొనవలెను. కౌనా యనునది చిత్తడినేలలో పెరుగు ఒక జాతి తుంగ. కాడ గుండ్రముగ, లోపల దూదివలె మెత్తగ నుండును. దానిని కోసి, ఎండబెట్టి, జనపనార త్రాటితో కలిపి అల్లుదురు. మన తుంగచాప పలుచన. అది పరుపువలె మందము. చాపలే గాక కూర్చుండు పీటలు, సంచులు, టోపీలు కూడ చేయుదురు. ఈ చాప నీరున్నచోటనే పుట్టును. చిత్తడినేల పొలమైపోయినచో, మేడలు లేచినచో, కౌనా యుండదు. కౌనాకు వెల పలుకునంతవఱకు దానిని పెంచు రైతునకు తడినేలను ఎండగట్టవలెనను తలంపు రాదు. జింక బ్రతుకునట్టి సీమకే చెందిన వస్తువు మన నట్టింట పరచుకొనుటకు వచ్చుట మాకు ముచ్చటగ తోచినది.

రెండవది బట్ట. స్త్రీలు నడుమునకు చుట్టుకొను ఫనేక్, పైన కప్పుకొను ఇన్నఫీ, ఇవి అచటి మగ్గముల పని. 'మొయిరాంగ్ ఫీ' యను నేతలో అంచు వెంబడి కోటకొమ్ములవంటి మొనలు తీరియుండును. సిక్కోలు, పొందూరు నేతలెఱిగిన మన తల్లులు ఆ మొనలను వ్రేళ్లతో తడిమి చూచి, పని గట్టిదో కాదో తామే నిర్ణయింపగలరు. మరమగ్గపు నకళ్లును అంగడిలో గలవు. తక్కువ వెల చూచి మోసపోరాదు. 'చాక్‌హావో' యను నల్లబియ్యము గూడ కొనదగినది. ఉడికినప్పుడు అది ఊదావన్నెకు తిరుగును. పాలు, బెల్లము చేర్చినచో పాయసము చక్కని వాసనతో నుండును. ఉఖ్రుల్ కొండలనుండి వచ్చు లొంగ్‌పీ నల్లకుండలను కుమ్మరిసారె లేకయే చేయుదురు. అవి బరువైనవి, దూరప్రయాణమున పగులునవి. గడ్డిలో చుట్టించుకొని చేతపట్టుకొనగలవారే కొనవలెను.

తామరకాడలు, జింకలు మేయు 'ఇషింగ్ కంబోంగ్' గడ్డి లేత కాడలు (వీనిని మనుష్యులును తిందురు), ఎండుచేపలు అరుగుల నిండ నుండును. 'ంగారీ' యను పులిసిన చేప అచటి వంటలకు ప్రాణము. దానిని మూటగట్టి రైలులో తెచ్చువారు తోటి ప్రయాణికుల సహనమును ముందుగ విచారించుకొనవలెను! అచటనే రుచి చూచి వచ్చుట ఉభయతారకము.

కొనరానివి కూడ గలవు. జింకకొమ్ము, చర్మము, పక్షి యీకలు ఎవ్వరైన చాటుగ చూపినచో ముట్టరాదు. సాంగై 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులోని జంతువు. దాని శరీరభాగము కొనినవాడును, అమ్మినవాడును నేరస్థులే. పాత కొమ్ము, తాతలనాటిది యను మాటలు చట్టము ముందు నిలువవు.

మణిపురము వఱకు పోజాలనివారు కౌనా చాపలను ఢిల్లీలోని రాష్ట్రముల చేతిపనుల దుకాణములలోను, నగరములలో జరుగు హస్తకళా ప్రదర్శనములలోను వెదకవచ్చును. చాపను మడత పెట్టరాదు. మడచినచోట కాడ విఱుగును. చుట్టగ చుట్టి, నారత్రాటితో వదులుగ కట్టి తేవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట మన తీరపు తేమకు బూజు పట్టకుండ వానకాలమున అప్పుడప్పుడు గాలి తగులు చోట నిలువుగ నానించి యుంచినచో చాలకాలము మన్నును.